పాట రాయడమా, కట్టడమా?

అందరికీ నమస్కారం. ఈ మధ్యే పాటలు రాయడం మొదలుపెట్టాను. మా అమ్మమ్మ మాత్రం "కొత్త పాట ఏమన్నా కట్టినావా?" అని అడుగుతుంది. కట్టడం, రాయడం రెండూ ఒకటేనా? ఇంకో సందేహం. "వర్షంలో తడిసిన మా ఊరి బడి" అని ఒక పాదం రాశాను. నాలుగేసి మాత్రల (అక్షరం పలకడానికి పట్టే కాలపు కొలత) చొప్పున లెక్కపెడితే, చివరి "డి" సాగదీస్తే సరిపోతోంది. పాడితే మాత్రం ఎబ్బెట్టుగా ఉంది. ఎందుకంటారు?

—

తమ్ముడూ, నీ రెండు ప్రశ్నలకీ జవాబు అమ్మమ్మ మాటలోనే ఉంది. ఇల్లు కడతాం, పూలదండ కడతాం, బాణీ కడతాం, పాటా కడతాం. విడివిడిగా ఉన్నవాటిని జారిపోకుండా ఒకచోట నిలబెట్టడమే కట్టడం. కాగితం లేకుండా కూడా పాట కట్టొచ్చు. నాట్లు వేస్తూ పాడుకున్న పాటల్లో చాలావాటిని ఎవరూ రాయలేదు, కట్టారు.

ఇక నీ పాదం. తకధిమి తకధిమి అని చేత్తో తాళం వేస్తూ పైకి చదువు:

వర్షం / లోతడి / సినమా / ఊరిబ / డి

లెక్క తప్పలేదు. పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి రెండు, సున్నా ఉన్నదానికీ, తర్వాత ఒత్తక్షరం వచ్చేదానికీ రెండు, అన్నీ సరిగ్గా వేశావు. కానీ దెబ్బ పడే చోట మాట విరిగిపోయింది. "తడిసిన" రెండు ముక్కలై, "సిన" వెళ్ళి "మా" పక్కన చేరింది. వినేవాళ్ళకి "లోతడి సినమా" అని వినపడుతుంది. బడీ లేదు, వానా లేదు! విరుపు ఎక్కడ రావాలో చూసుకోకపోతే మాత్రలు కుదిరినా పాట కుదరదు. ఇలా మార్చి చూడు:

వానకు / తడిసిన / ఊళ్ళో / మా బడి

ఒక్కో మాట తన గదిలో తాను కూర్చుంది. "వర్షం" పోయి "వాన" వచ్చేసరికి నోటికీ హాయిగా ఉంది.

మాటలోనే నడక కట్టి ఉంటే పాట ఎంత దూరం వస్తుందో అన్నమయ్యని చూస్తే తెలుస్తుంది. ఆయన కాలం 1408 నుంచి 1503. తిరుమలలో దొరికిన తాళ్ళపాక రాగిరేకుల మీద కీర్తన పాఠం ఉంది, రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. బాణీలు చాలావరకు పోయాయి. మళ్ళీ 20వ శతాబ్దంలో సంగీత విద్వాంసులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు, ఆ తర్వాత మరికొందరు కొత్తగా స్వరపరిస్తే ఆ మాటలు ఇన్ని వందల ఏళ్ళ తర్వాత కూడా తాళంలో ఒదిగాయి. నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు పులకరిస్తుంది.

—

మా వైపు బతుకమ్మ ఆడేటప్పుడు పాదం పాదానికీ "ఉయ్యాలో" అనో "వలలో" అనో వస్తుంది కదా. చిన్నప్పుడు అది ఊరికే అందం కోసమే అనుకునేదాన్ని. నేనే ముందుండి పాడాల్సి వచ్చిన రోజు అర్థమైంది. అందరూ "ఉయ్యాలో" అనే ఆ కాస్త సేపట్లోనే తర్వాతి మాట వెతుక్కోవాలి. చప్పట్లు ఆగవు, కాళ్ళు ఆగవు. అట్లా అప్పటికప్పుడు అల్లేదాన్ని "రాసింది" అని ఎట్లంటాం? కట్టిందే. తమ్ముడూ, కొన్నాళ్ళు ఫోన్‌లో టైప్ చేయడం ఆపి, చప్పట్లు కొడుతూ కట్టి చూడు.

—

అన్నా, అక్కా, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి మేడ మీద తిరుగుతూ, కాగితం లేకుండా రెండో పాదం కట్టాను. తప్పుంటే చెప్పండి.

వానకు తడిసిన ఊళ్ళో మా బడి
చూరున జారే చుక్కల సవ్వడి

—

చూరున / జారే / చుక్కల / సవ్వడి. నాలుగు నాలుగులు పదహారు, ఒక్క మాటా విరగలేదు. బడికి సవ్వడి అంత్యప్రాస కూడా పడింది. పల్లవి వచ్చేసింది తమ్ముడూ. ఇంతసేపూ బడి బయటే నిలబెట్టావు, చరణంలో లోపలికి తీసుకెళ్ళు. అక్కడ ఏ బెంచీ మీద ఎవరు కూర్చున్నారు?