డాలస్ నుంచి మిషిగన్ వచ్చాం, రియర్ వీల్ డ్రైవ్ బండి స్నోలో నడుస్తుందా?

డాలస్‌_టు_నోవై:
అందరికీ నమస్తే. జాబ్ మారి ఈ మధ్యే డాలస్ నుంచి నోవై వచ్చాం, మాకిది మొదటి చలికాలం. నా బండి బీఎండబ్ల్యూ 330ఐ, ఎక్స్‌డ్రైవ్ (బీఎండబ్ల్యూ ఆల్ వీల్ డ్రైవ్) కాదు, ఉత్త రియర్ వీల్ డ్రైవ్, అంటే ఇంజిన్ వెనక చక్రాలనే తిప్పుతుంది. చక్రాలు 19 ఇంచులవి, ముందు 225 వెనక 255, అన్నీ సమ్మర్ టైర్లే. ఆఫీసులో ఎవర్ని అడిగినా ఇది స్నోలో కదలదు, అమ్మేసి ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో అంటున్నారు. లోన్ ఇంకా చాలా ఉంది, ఇప్పుడు అమ్మితే బాగా లాస్. పొద్దున్నే పాపని డేకేర్‌లో దింపి ఐ-96 ఎక్కాలి, పైగా మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొంచెం ఎత్తు ఉంది, అక్కడ ఆగి మళ్ళీ ఎక్కించాలి. నిజంగా మార్చక తప్పదా, లేక టైర్లు మారిస్తే సరిపోతుందా? ఇలాంటి బండితో ఇక్కడ చలికాలం గడిపినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మాంట్రియల్‌_మావయ్య:
అమ్మకండి. ముందు ఆ సమ్మర్ టైర్లు మాత్రం ఈ వారమే పీకించండి, స్నో పడేదాకా ఆగొద్దు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్, అంటే మీ లెక్కలో 45 ఫారెన్‌హీట్ కిందికి దిగితే చాలు, రోడ్డు పొడిగా ఉన్నా వాటి పట్టు తగ్గిపోతుంది. చలికాలం మనింట్లో కొబ్బరి నూనె సీసాలోనే గడ్డకట్టినట్టు ఆ రబ్బరు బిగుసుకుపోతుందండి. వింటర్ టైర్ రబ్బరు వేరు, అంత చలిలోనూ మెత్తగానే ఉంటుంది, పైన బ్లాకుల మీద సన్నటి గీతలు బోలెడు కోసి ఉంటాయి, అవే స్నోని కరిచి పట్టుకునేవి. కొనేటప్పుడు టైర్ పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో స్నోఫ్లేక్ బొమ్మ ఉందో లేదో చూడండి, ఉత్త ఎం ప్లస్ ఎస్, అంటే మడ్ ప్లస్ స్నో అని ఉంటే చాలదు. మా క్యుబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్ట ప్రకారమే ఉండాలి, మీ మిషిగన్‌లో ఆ రూల్ లేదు కాబట్టి చాలామంది ఆల్ సీజన్‌తోనే నెట్టుకొస్తారు, కానీ రియర్ వీల్ డ్రైవ్‌తో మీరు ఆ దారి పట్టొద్దు.

ఇంకో మాట, 19 ఇంచులవి వద్దు. ఆ మోడల్‌కి 17 ఇంచుల రిమ్ములు పడతాయేమో షాపులో బ్రేకుల సైజు చూపించి అడగండి, పడితే నాలుగింటికీ 225/50 సైజు ఒకటే వేయించండి. సన్న టైర్ స్నోని చీల్చుకుంటూ పోతుంది, వెడల్పు టైర్ పైకి తేలుతుంది. గుంతలు తగిలినా రిమ్ము వంగే భయం తక్కువ, ధర కూడా తక్కువే. విడిగా రిమ్ములుంటే ప్రతి ఏడూ టైర్ ఊడదీసి ఎక్కించే ఖర్చూ మిగులుతుంది.

ట్రాయ్‌_తమ్ముడు:
అన్నా నేను ఒప్పుకోను, పాప బండిలో ఉన్నప్పుడు రిస్క్ ఎందుకు? ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే సిగ్నల్ దగ్గర ఇట్టే కదుల్తది, మీ గేటు దగ్గర ఎత్తు కూడా సమస్యే కాదు. డబ్బులు పోతే పోయినయ్, ఈ చలికాలం ప్రశాంతంగా ఉంటారు.

మాంట్రియల్‌_మావయ్య:
తమ్ముడూ, కదలడం వరకు నువ్వు చెప్పింది కరెక్టే, ఎత్తు ఎక్కడంలో దానికి సాటి లేదు. కానీ ఆగేటప్పుడు ఏ బండికైనా నాలుగు చక్రాలకీ బ్రేకులే కదా, అక్కడ పట్టు ఇచ్చేది టైరే. ఆల్ సీజన్ వేసుకున్న పెద్ద ఎస్‌యూవీలు స్నో పడ్డ రోజు మీడియన్‌లోకి దూసుకుపోయి కనిపిస్తాయి, ఎందుకంటే సులువుగా కదిలింది కదా అని స్పీడు పెంచుతారు, బ్రేక్ నొక్కేదాకా రోడ్డు ఎంత జారుతోందో తెలియదు. పాప కోసమే అయితే ముందు ఆగడం చూడాలి, కదలడం తర్వాత.

మినియాపొలిస్‌_టెస్లా:
నాది మోడల్ 3 రియర్ వీల్ డ్రైవ్, వింటర్ టైర్లు వేసుకుని తిప్పుతున్నాను, బండి బాగానే వెళ్తుంది. రియర్ వీల్‌తో అలవాటు చేసుకోవాల్సింది కుడికాలే. మలుపులో గ్యాస్ గట్టిగా నొక్కితే వెనక చక్రాలు తిరుగుతూ పక్కకి జారతాయి, అప్పుడు గాభరాగా బ్రేక్ కొడితే ఇంకా తిరిగిపోతుంది. వెనక భాగం ఎటు పోతుంటే స్టీరింగ్ అటే తిప్పాలి, అంటే వెనక కుడికి జారితే కుడికే, గ్యాస్ మీంచి కాలు మెల్లగా తీస్తూ, కళ్ళు మాత్రం మీరు వెళ్ళాల్సిన వైపే పెట్టాలి. సర్దుకోగానే స్టీరింగ్ వెంటనే నిటారుగా తెచ్చేయాలి, లేదంటే రెండో వైపుకి ఊగుతుంది. మొదటి స్నో పడ్డాక ఏదైనా పెద్ద ఖాళీ పార్కింగ్ లాట్‌కి, అడ్డంగా స్తంభాలు లేనిది చూసుకుని, ఒక్కరే వెళ్ళి తక్కువ స్పీడులో ఇది చేసి చూడండి. చదివితే రాదు, చేతులకి తెలియాలి.

ఎలక్ట్రిక్ రియర్ వీల్ వాళ్ళకి ఒకటి చెప్పాలి, గ్యాస్ మీంచి కాలు తీస్తే రీజెన్ బ్రేకింగ్, అంటే మోటరే బండిని ఆపుతూ బ్యాటరీ ఛార్జ్ చేసేది, వెనక చక్రాల మీదే పడుతుంది. ఐస్ మీద ఠక్కున కాలు తీస్తే వెనక చక్రాలకే బ్రేక్ వేసినట్టు అవుతుంది. పొద్దున బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు రీజెన్ తక్కువ, వేడెక్కే కొద్దీ పెరుగుతుంది, అంటే వెళ్ళేటప్పుడు ఉన్న ఫీల్ అదే రోజు వచ్చేటప్పుడు ఉండదు.

గ్రాండ్‌రాపిడ్స్‌_రావు:
మీ గేటు ఎత్తు గురించి చెప్తానండి, మాకు లేక్ ఎఫెక్ట్ స్నో, అంటే పెద్ద సరస్సు మీంచి వచ్చే గాలితో పడే స్నో, కాబట్టి ఇది రోజూ ఉండే తంతే. మీ ముందున్న బండి ఎత్తు దాటి వెళ్ళిపోయేదాకా కిందనే ఆగండి, దారి క్లియర్ అయ్యాక నెమ్మదిగా ఊపు అందుకుని మధ్యలో ఆగకుండా ఎక్కేయండి. ఆగక తప్పకపోతే గ్యాస్ అతి తేలిగ్గా ఇవ్వండి. చక్రం ఒకే చోట తిరుగుతుంటే ఇంకా నొక్కొద్దు, కింద స్నో కరిగి నున్నటి ఐస్ అయిపోతుంది, ఆ తర్వాత అక్కణ్ణుంచి రావడం మహా కష్టం. అప్పుడు డీఎస్‌సీ (బండి జారకుండా చూసే సిస్టమ్) బటన్ ఒక్కసారి నొక్కి వదిలితే, ఆ సిస్టమ్ కాస్త సడలే డీటీసీ మోడ్‌లోకి వెళ్తుంది, చక్రాలు కొంచెం తిరగనిస్తుంది, కాస్త ముందుకి కాస్త వెనక్కి ఊపుతూ బయటపడొచ్చు. బయటికి రాగానే మళ్ళీ నొక్కి మామూలు మోడ్‌లో పెట్టేయండి, హైవే మీద ఆ మోడ్ వద్దు. డిక్కీలో చిన్న పార, ఒక ఇసుక సంచి ఉంచండి, ఇసుక చక్రం ముందు చల్లడానికి. బరువు కోసం సంచులు నింపడం ఖాళీ పికప్ ట్రక్కులకి పనికొస్తుంది గానీ మీ బండి బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం ఉంటుంది, మీకు అక్కర్లేదు.

టైర్లలో గాలి కూడా చూస్తుండండి, టెంపరేచర్ 10 ఫారెన్‌హీట్ తగ్గితే సుమారు 1 పీఎస్ఐ పడిపోతుంది.

డాలస్‌_టు_నోవై:
చాలా థాంక్స్ అందరికీ, అమ్మే ఆలోచన పక్కన పెట్టేశాను. ఇంకొక్క డౌట్, తోసేది వెనక చక్రాలే కదా, ప్రస్తుతానికి వింటర్ టైర్లు వెనక రెండింటికే వేయించి, ముందు రెండు వచ్చే జీతంలో కొంటే నడుస్తుందా?

గ్రాండ్‌రాపిడ్స్‌_రావు:
వద్దండి. అలా చేస్తే బండి బాగానే కదులుతుంది, మలుపు దగ్గర స్టీరింగ్ తిప్పినా ముందు టైర్లకి పట్టు లేక నేరుగా ఎదురు లేన్‌లోకి పోతుంది. ముందు రెండే వేస్తే బ్రేక్ కొట్టినప్పుడు వెనక తిరిగి ముందుకొస్తుంది. నాలుగూ ఒకేసారి, ఒకే రకం వేయించండి. డబ్బు ఇబ్బందైతే వాడిన సెట్లు రిమ్ములతో సహా చవగ్గా దొరుకుతాయి, గీత లోతు కనీసం 6/32 ఇంచు ఉందో లేదో, టైర్ పక్కన నాలుగంకెల తయారీ తేదీ ఏ ఏడాదిదో చూసుకుని తీసుకోండి. చివరి రెండంకెలే సంవత్సరం.