మచ్చల ఆకుల గన్నేరు: ఆకు కొనలు మాడుతున్నాయి, ఒక కొమ్మ పచ్చబడింది

తూర్పుగోడ (చెన్నై):
తిరువాన్మియూర్‌లో సముద్రానికి రెండు వీధుల ఇవతల ఇల్లు. తూర్పు గోడ వెంట మచ్చల గన్నేరు ఆరు మొక్కలు, ఫిబ్రవరిలో నాటినవి. నేలంతా ఇసుక. బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) లీటరుకు 1900 మిల్లీగ్రాములు. సముద్రం వైపు ఆకుల కొనలు, అంచులు మాడుతున్నాయి. ఒక మొక్కలో అచ్చం పచ్చ ఆకుల కొమ్మ ఏపుగా లేస్తోంది. నర్సరీవాళ్లు పొటాష్ వేయమన్నారు. వేయొచ్చా?

కొమ్మ కత్తెర:
ముందు ఆ పచ్చ కొమ్మ తీసేయండి. మచ్చ ఉన్న చోట పత్రహరితం తక్కువ, ఆ కొమ్మలు నిదానంగా పెరుగుతాయి. పచ్చది వదిలేస్తే మెల్లగా మొక్కంతా అదే అవుతుంది. పుట్టిన చోటికి ఆనించి కోయండి, మోడు మిగిలితే మళ్లీ చిగురిస్తుంది. చేతికి తొడుగులు తప్పనిసరి. కోసినవాటిని ఆవులు, మేకలు తిరిగే చోట పడేయకండి, కాల్చకండి. పొగ కూడా విషమే. కొత్త మొక్కలు కావాలంటే మచ్చ బాగా తేలిన కొమ్మల్నే జానెడు ముక్కలుగా నాటండి. విత్తనంతో మచ్చ నిలవదు.

ఉప్పునేల:
మాడు కొన నుంచి, అంచు నుంచి మొదలైతే ఉప్పు. తెల్ల మచ్చ మధ్యలో కాలినట్టుంటే ఎండ. మీది సముద్రం వైపే ఉంది కాబట్టి గాలి తెచ్చే తుంపరే అసలు కారణం, బోరు నీళ్లు దానికి తోడు. గాలి జోరుగా వీచిన మర్నాడు పొద్దున్నే ఆకుల్ని మంచి నీళ్లతో కడగండి. బోరు నీళ్లు ఆకుల మీద చల్లితే ఆ ఉప్పు అక్కడే ఎండుతుంది.

రోజూ చెంబెడు పోసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. నీరు ఆవిరై ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. వారానికి రెండుసార్లు కుదురుకు 15–20 లీటర్లు, మెల్లగా, లోతుకు దిగేలా పోయండి. అక్టోబరు వానలు వచ్చాక మిగిలింది అవే కడిగేస్తాయి.

పొటాష్ బస్తా మీద మ్యూరియేట్ అని ఉంటే వేయకండి. అది పొటాషియం క్లోరైడ్, బరువులో దాదాపు సగం క్లోరైడే, అంటే ఉప్పులో ఉండేదే. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ అయితే కుదురుకు 20 గ్రాములు, రెండు కిలోల వర్మీకంపోస్టుతో కలిపి వేయండి.

తూర్పుగోడ:
మ్యూరియేటే అండి, పక్కన పెట్టేశాను. జిప్సం వేస్తే మేలా?

ఉప్పునేల:
బంకమట్టిలో అయితే వేయమనేవాణ్ణి. మీ ఇసుకకు అక్కర్లేదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి నడుమ పసుపెక్కితే మాత్రం అది మచ్చ అనుకోకండి, ఇనుము లోపం. గవ్వల సున్నం కలిసిన ఇసుకలో మామూలే. ఈడీడీహెచ్‌ఏ (సున్నం నేలలోనూ ఇనుము మొక్కకు అందేలా పట్టి ఉంచే పదార్థం) రకం ఐరన్ అడిగి కొనండి.