‘గాలివాటం’ చెడ్డ మాట ఎప్పుడైంది?

ఎన్నికల ఫలితాలు రాగానే పేపర్లలో ‘గాలివాటం గెలుపు’ అని కనిపిస్తుంది. సొంత బలం లేకుండా కొట్టుకొచ్చాడని దాని భావం. మా కళింగపట్నం వైపు ఈ మాటను నేను చిన్నప్పటి నుంచి విన్న తీరు వేరు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

వాటం అంటే వాలు, అనువు. ఇంటికి గచ్చు చేసే మేస్త్రీ నీటివాటం చూస్తాడు. అది తప్పితే వానాకాలం నీళ్లు గుమ్మంలోకి వస్తాయి. కల్లంలో ధాన్యం ఎగరబోసేవాళ్లు గాలివాటం చూసుకున్నాకే చేట ఎత్తుతారు. లేకపోతే పొట్టంతా కళ్లలోనే పడుతుంది. తెరచాప ఉన్నవాడికైతే ఇది బతుకుతెరువు మాట.

చాలా ఏళ్ల కిందట వేసవిలో ఇచ్ఛాపురం దాటి చిలికా సరస్సు దక్షిణపు కొసన రంభకు వెళ్లాం. మధ్యాహ్నం తెరచాప పడవ అడిగితే పడవాయన, తెలుగాయనే, ఒప్పుకోలేదు. ‘గాలివాటం బాగోనేదు బాబూ. ఎల్లడం సులువే, రావడమే కష్టం’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. దక్షిణపు గాలి వీస్తోంది కానీ ఒడ్డున నీరు నున్నగా ఉంది.

ఆ నునుపే మోసమని ఆయన కూర్చోబెట్టి చెప్పాడు. గాలి మా వెనుక నుంచి, నేల మీద నుంచి వస్తోంది. ఒడ్డు దగ్గర అలలు లేవడానికి దానికి చోటు లేదు. నీటి మీద గాలి ఎంత దూరం పరుగెడితే అలలు అంత పెరుగుతాయి. చిలికా పొడవు దాదాపు 64 కిలోమీటర్లు. లోతేమో చాలా చోట్ల రెండు మూడు మీటర్లే. లోతు తక్కువ నీటిలో అల పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి లేస్తుంది. చిన్న పడవకు సముద్రపు పొడుగాటి అల కంటే ఇదే ఎక్కువ ఇబ్బంది. పైగా తిరుగు దారంతా ఎదురుగాలి. తెరచాప గాలికి సూటిగా ఎదురు పోలేదు. ఇటో వంకర, అటో వంకర తిరుగుతూ రావాలి, దూరం ఎంతో పెరుగుతుంది. ఇంత లెక్కనూ ఆయన ఒక్క ‘గాలివాటం’లో చెప్పేశాడు. అలాంటి మాటను మనం ‘గుడ్డి అదృష్టం’ చేసేశాం. నాకు ఇది నిజంగా బాధ.

టెక్కలి నుంచి ఒకరు: మాస్టారూ, ‘గాలివాటుకు కొట్టుకుపోయాడు’ అని మా అమ్మమ్మ కూడా అనేది. జనం వాడితే అదే అర్థం కదండీ. పేపర్లను అనడం ఎందుకు?

జవాబు: మీ అమ్మమ్మగారి వాక్యాన్నే చూడండి. అందులో తప్పు పట్టింది ‘కొట్టుకుపోవడాన్ని’. చుక్కాని లేనివాడు గాలివాటుకు కొట్టుకుపోతాడు, ఉన్నవాడు గాలివాటు చూసి వెళ్తాడు. గాలి ఒకటే, క్రియ వేరు. పేపర్లు క్రియను వదిలేసి ఉత్త ‘గాలివాటం గెలుపు’ అనేసరికి, ఆ క్రియలో ఉండాల్సిన నింద వచ్చి ఈ మాట మీద పడింది. వాడుకలో అర్థం మారుతుందన్న మీ మాట కాదనను. పాత అర్థం కూడా బతికి ఉండాలని నా తాపత్రయం.

పూసపాటిరేగ నుంచి ఒకరు: మా చింతపల్లి తీరంలో కెరటం అంటాం. సరస్సులో లేచేదాన్నీ కెరటం అనొచ్చా? ఎంత గాలికి పడవ దించకూడదో దానికీ ఏమైనా మాట ఉందా అన్నా?

జవాబు: మా ఇంట్లో సముద్రానిది కెరటం, చెరువుది అల. అన్నిచోట్లా ఇలాగే అంటారని చెప్పను. గాలి లెక్కకు 1805లో బోఫర్ట్ అనే నావికుడు చేసిన కొలత ఉంది. అందులో నాలుగో మెట్టు గంటకు సుమారు 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి. అప్పటికి నీటి మీద తెల్లటి నురగ తలలు చాలా కనిపిస్తాయి. పడవాయన చూసేదీ ఆ నురగనే. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీద తోపు నాలుగింతలవుతుంది తమ్ముడూ, అందుకే నురగ పెరిగేలోపు చాప కొంత దించేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు పడమట మబ్బు నల్లగా లేచి, ఉన్న గాలి ఒక్కసారి ఆగిందంటే నురగ కోసం కూడా చూడకూడదు. ఈదురుగాలి నిమిషాల్లో వచ్చి పడుతుంది. అప్పుడు వెతుక్కోవాల్సింది ఏ దీవి వెనకో కాస్త గాలిచాటు. ఇది కూడా వాటం లాంటి మంచి మాటే. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లు దీన్ని గాలిమాటు అంటారా, ఇంకేమైనా అంటారా?