టారోలో మూడో కార్డుగా టవర్ తలకిందులుగా వస్తే ఎలా చదవాలి?

ఉద్యోగం మారాలా వద్దా అని అడిగి గతం, వర్తమానం, భవిష్యత్తు అనే వరసలో మూడు టారో కార్డులు (జోస్యానికి వాడే బొమ్మల కార్డులు) తీశాను. ఎయిట్ ఆఫ్ కప్స్, టూ ఆఫ్ స్వోర్డ్స్, చివరికి టవర్, అదీ తలకిందులుగా. నా దగ్గరున్నది రైడర్-వెయిట్ డెక్, అంటే చాలామంది వాడే టారో కార్డుల కట్ట. మొదటి రెండూ ఇట్టే అర్థమయ్యాయి: కప్పులన్నీ వెనక వదిలేసి నడిచి వెళ్లిపోతున్న మనిషి, తర్వాత కళ్లకు గంతలతో రెండు కత్తులు అడ్డంగా పట్టుకుని కూర్చున్న స్త్రీ, అచ్చం ఎటూ తేల్చుకోలేని నా పరిస్థితే. టవర్ దగ్గరే టెన్షన్. ఆ బొమ్మలో పిడుగు పడి కూలుతున్న బురుజు ఇప్పటి ఉద్యోగమా, లేక నేను వెళ్లబోయే చోటా? తలకిందులైతే కొందరు ఆ కుదుపు తప్పిందంటారు, ఇంకొందరు తప్పించుకోవాలని చూస్తూ వాయిదా వేస్తున్నారంటారు, అసలు తలకిందులు లెక్కలోకే తీసుకోనివాళ్లూ ఉన్నారు.

మీరైతే ఎలా చదువుతారు? ఇలాంటి ప్రశ్నకు పరిస్థితి, అడ్డంకి, సలహా అని పరచడమే నయమా? అవును-కాదు ప్రశ్న మానేసి "ఇందులో నేను ఏం చూడటం లేదు" అని అడగాలనిపిస్తోంది, కానీ అదే విషయం మీద వెంటనే మళ్లీ కార్డులు తీయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, ఉద్యోగం విషయంలో నేను త్వరలో జవాబివ్వాలి.