రెండు వీఆర్‌ఎఫ్‌ల మధ్య రూట్ల పంపకం: టేబుల్‌లో రూట్ కనిపిస్తున్నా పింగ్‌కు జవాబు రావడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా కార్యాలయంలో ఒకే సిస్కో రౌటర్ మీద అకౌంట్స్, ల్యాబ్, కామన్ అనే మూడు వీఆర్‌ఎఫ్‌లు (ఒకే రౌటర్‌లో విడివిడిగా ఉండే రూటింగ్ టేబుళ్లు) ఉన్నాయి. కామన్‌లోని ప్రింట్ సర్వర్ 10.30.0.10ను మిగిలిన రెండు విభాగాలూ వాడుకోవాలి గానీ, అవి ఒకదానినొకటి చూడకూడదు. ముందుగా అకౌంట్స్, కామన్ రెండింటిలోనూ, ఒక టేబుల్‌లోని రూట్లను మరో టేబుల్ తీసుకునేలా చేసే రూట్ టార్గెట్ ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ రాశాను. అకౌంట్స్ టేబుల్‌లో 10.30.0.0/24, బీజీపీ అనే రూటింగ్ ప్రోటోకాల్ ద్వారా వచ్చిందని తెలిపే 'బి' అక్షరంతో కనిపిస్తోంది. అయినా 10.10.0.25 నుంచి సర్వర్‌కు పింగ్ చేస్తే ఒక్క జవాబూ రావడం లేదు.

జవాబు 1:
వెళ్లే దారి ఉంది. తిరిగి వచ్చే దారి ఉందో లేదో చూడండి. కామన్ టేబుల్‌లో 10.10.0.0/24 ఉందా?

ప్రశ్న అడిగినవారు:
లేదండి. ఇంపోర్ట్ రాసే ఉంది. ఆర్‌డీలు (రూట్ డిస్టింగ్విషర్లు) వేరువేరుగా ఉండటం వల్ల ఇలా జరుగుతోందా?

జవాబు 1:
ఆర్‌డీకి దీనితో సంబంధం లేదు. ఒకే ప్రిఫిక్స్ (నెట్‌వర్క్ అడ్రస్) రెండు వీఆర్‌ఎఫ్‌లలో ఉన్నా బీజీపీ వాటిని ఒకటిగా భావించకుండా ముందు 8 బైట్ల గుర్తు తగిలించడమే దాని పని. ఏ రూట్ ఏ టేబుల్‌లోకి వెళ్లాలో తేల్చేది రూట్ టార్గెట్, అదీ బీజీపీలో ఉన్న రూట్లకే వర్తిస్తుంది. ఇంటర్‌ఫేస్‌కు ఐపీ ఇవ్వగానే ఆ నెట్‌వర్క్ అకౌంట్స్ టేబుల్‌లోకి వస్తుంది గానీ, బీజీపీలోకి తనంతట తాను రాదు. అందుచేత పొరుగు రౌటర్ ఒక్కటీ లేకపోయినా బీజీపీ నడుస్తూ, అందులో ప్రతి వీఆర్‌ఎఫ్ అడ్రస్ ఫ్యామిలీ (ఆ వీఆర్‌ఎఫ్‌కు చెందిన సెట్టింగ్‌ల భాగం) కిందా, నేరుగా కలిసి ఉన్న నెట్‌వర్క్‌లను బీజీపీలోకి చేర్చే 'రీడిస్ట్రిబ్యూట్ కనెక్టెడ్' అనే లైన్ ఉండాలి. మీరు దానిని కామన్‌కు రాసి, అకౌంట్స్‌కు మరచినట్లున్నారు.

జవాబు 2:
ల్యాబ్‌ను కలిపే ముందు రెండు విషయాలు గమనించండి. కామన్‌లోకి ఇంపోర్ట్ అయిన అకౌంట్స్ రూట్ అక్కడి నుంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ కాదు కాబట్టి, ల్యాబ్‌కు నేరుగా చేరదు. అయితే ల్యాబ్‌కు డిఫాల్ట్ రూట్‌ను (వేరే దారి లేని ప్యాకెట్లన్నీ వెళ్లే దారిని) కూడా కామన్ నుంచే ఇస్తే, ల్యాబ్ ప్యాకెట్ కామన్‌లోని ఫైర్‌వాల్ దాకా వెళ్లి, అక్కడ అడ్డుకునే నియమం లేకపోతే, కామన్ టేబుల్ మీదుగా అకౌంట్స్‌లోకి తిరిగి రాగలదు. విడదీయడం కోసమే వీఆర్‌ఎఫ్‌లు పెట్టుకున్నవారికి ఇది చాలా ప్రమాదకరం. రెండోది, ల్యాబ్ కూడా 10.10.0.0/24నే వాడుతుంటే సర్వర్ జవాబులు సరైన విభాగానికి చేరవు. అప్పుడు నాట్ (దారిలో అడ్రస్‌లను మార్చి పంపే పద్ధతి) పెట్టడం కన్నా అడ్రస్‌లు మార్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
మీరిద్దరూ చెప్పింది నిజం. అకౌంట్స్ కింద ఆ లైన్ లేనే లేదు. రాసిన తర్వాత కామన్ టేబుల్‌లో 10.10.0.0/24 వచ్చింది, పింగ్‌కు జవాబులు అందుతున్నాయి. ల్యాబ్ వారిది 10.20.0.0/24. ఇంటర్నెట్ కూడా కామన్ ద్వారానే ఇద్దామనుకున్నాను గానీ, ఆ ఆలోచన మానుకుని, ల్యాబ్‌కు ఇంపోర్ట్ మ్యాప్ (లోపలికి వచ్చే రూట్లను వడపోసే నియమం) పెట్టి 10.30.0.0/24ను మాత్రమే అనుమతించాను.