నునావుట్‌లో ఫీల్డ్‌వర్క్‌కి గ్రాంట్: సైన్స్ రాసేశాను, బడ్జెట్ దగ్గర ఆగిపోయాను

మంచుగుంట:

అందరికీ నమస్కారం. కెనడాలో పీహెచ్‌డీ రెండో ఏడాది, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది. నా టాపిక్ పర్మాఫ్రాస్ట్ (ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల) కరిగి నేల కుంగినచోట ఏర్పడే చిన్న నీటి గుంటలు, వాటిలోంచి మీథేన్ ఎంత వస్తోంది, గట్టు కూలుతున్న గుంటకీ కుదురుగా ఉన్న గుంటకీ తేడా ఎంత అన్నది. ఇప్పటిదాకా వేరేవాళ్లు తెచ్చిపెట్టిన శాంపిల్స్‌తోనే ల్యాబ్‌లో నెట్టుకొచ్చాను. వచ్చే వేసవికి స్వయంగా కెనడా ఉత్తరాన నునావుట్‌లో ఉన్న కేంబ్రిడ్జ్ బే అనే ఊరు వెళ్లాలని ఉంది. మా గైడ్‌ గారి గ్రాంట్‌లో నా స్టైపెండ్ పోగా ఫీల్డ్‌కి మిగిలేది దాదాపు ఏమీ లేదు, "నువ్వే ఎక్కడైనా అప్లై చెయ్, రికమెండేషన్ లెటర్ నేనిస్తా" అన్నారు.

సైన్స్ భాగం రాసేశాను. ప్రపంచ పర్మాఫ్రాస్ట్‌లో ఉన్న కార్బన్ వాతావరణంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు అంటూ మొదలుపెట్టి హైపాథసిస్ దాకా బాగానే వచ్చింది. బడ్జెట్ దగ్గరికొచ్చేసరికి చేతులు ఆడట్లేదు. "ప్రయాణం, వసతి, పరికరాలు" అని మూడు లైన్లు రాసి వాటి ఎదురుగా ఏం వెయ్యాలో తెలీక కూర్చున్నా. అసలు ఒక స్టూడెంట్‌కి ఎక్కడ డబ్బు దొరుకుతుంది, వాళ్లు ఏం చూసి ఇస్తారు? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

ఉత్తరపుగాలి:

ముందు ఆ రెట్టింపు కార్బన్ వాక్యం తీసెయ్యండి. నిజమే, కానీ కమిటీ ముందున్న పర్మాఫ్రాస్ట్ అప్లికేషన్లలో సగం దాంతోనే మొదలవుతాయి, చదివేవాళ్ల కన్ను దాని మీంచి జారిపోతుంది. మీ గుంటలతో మొదలుపెట్టండి.

ఇక డబ్బు సంగతి. పీఆర్ ఉందన్నారు కాబట్టి మీకు మొదటి దారి నార్తర్న్ సైంటిఫిక్ ట్రైనింగ్ ప్రోగ్రామ్, అందరూ ఎన్‌ఎస్‌టీపీ అంటారు. పోలార్ నాలెడ్జ్ కెనడా నడుపుతుంది. దీనికి మీరు నేరుగా అప్లై చెయ్యరు, మీ యూనివర్సిటీలో ఒక నార్తర్న్ కమిటీ ఉంటుంది, వాళ్లు అందరివీ చూసి పైకి పంపిస్తారు, అందుకని యూనివర్సిటీ లోపలి గడువు అసలు గడువు కంటే ముందే ముగుస్తుంది. చాలామంది వెబ్‌సైట్‌లో పెద్ద గడువు చూసి నింపాదిగా ఉండి ఇక్కడే దెబ్బతింటారు. ఇచ్చేది కూడా ప్రధానంగా ప్రయాణం, సరుకు రవాణా, అక్కడ ఉండటానికయ్యే ఖర్చు. ల్యాబ్‌లో విశ్లేషణకీ, గ్యాస్ కొలిచే అనలైజర్ కొనుక్కోడానికీ దీన్ని నమ్ముకోకండి.

ఇంకోటి పోలార్ కాంటినెంటల్ షెల్ఫ్ ప్రోగ్రామ్. 1958 నుంచీ ఉంది. వీళ్లు చేతికి చెక్కు ఇవ్వరు, విమానం గంటలు, హెలికాప్టర్, రిజల్యూట్ అనే ఊళ్లో బస, అద్దెకి ఫీల్డ్ సామాను, ఇలా సదుపాయం రూపంలో వస్తుంది. అప్లై చెయ్యాల్సింది మీ గైడ్, మీరు కాదు. వచ్చే వేసవికి కావాలంటే ఈ చలికాలం ముదరకముందే అడగాలి. అయితే మీ గుంటలు ఊరికి ఎంత దూరంలో ఉన్నాయో చెప్పలేదు. కేంబ్రిడ్జ్ బే చుట్టుపక్కలే అయితే ఇది మీకు అక్కర్లేదు. అక్కడే పోలార్ నాలెడ్జ్ వాళ్ల పెద్ద రీసెర్చ్ స్టేషన్ ఉంది, అందరూ చార్స్ అని పిలిచేది. ల్యాబ్, వసతి రెండూ అక్కడే దొరికే వీలుంది, దానికి వేరే దరఖాస్తు.

ఇక ఏం చూసి ఇస్తారంటే, నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తా. ఎన్‌ఎస్‌టీపీ లాంటి కమిటీలో మీథేన్ తెలిసినవాళ్లు ఒకరుంటే గొప్ప. మిగతావాళ్లు పక్షుల మీదో, చరిత్ర మీదో, ఇళ్ల సమస్య మీదో పనిచేసేవాళ్లు. మీ హైపాథసిస్ గొప్పదా కాదా అని వాళ్లు తేల్చలేరు, కానీ వాళ్లందరూ ఉత్తరాన తిరిగినవాళ్లే, ఈ పిల్ల నిజంగా అక్కడికి చేరి పని చేసి తిరిగి రాగలదా అన్నది మాత్రం మీ బడ్జెట్ చూసి ఇట్టే పసిగడతారు. అందుకని బడ్జెట్ చివర రాసే అతుకు కాదు, అదే మీ అసలు ప్రపోజల్. సైన్స్ పక్కన పెట్టి ముందు దాన్ని కూర్చోబెట్టండి.

లైసెన్స్‌వచ్చిందా:

పైన ఉత్తరపుగాలి గారు చెప్పింది కరెక్టే గానీ అనుమతుల మాట ఎత్తలేదు, అదే అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది.

నునావుట్‌లో మీలాంటి సైన్స్ పనికి నునావుట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, ఆఫీసు ఇకాలుయిట్‌లో. దాంతోపాటు నునావుట్ ప్లానింగ్ కమిషన్‌కి ప్రాజెక్టు వివరాలు పంపాలి, అవసరమైతే అక్కణ్ణుంచి ఇంపాక్ట్ రివ్యూ బోర్డుకి వెళ్తుంది. మీ గుంటలున్న నేల అక్కడి మూలవాసులైన ఇన్యుయిట్ సొంత భూమి అయితే ఆ ప్రాంతపు కిటిక్‌మియట్ ఇన్యుయిట్ అసోసియేషన్ అనుమతి వేరే. అందుకని మ్యాప్ మీద మీ గుంటల్ని గుర్తుపెట్టి అది ఎవరి భూమో ఇప్పుడే చూసుకోండి, గుంట కొంచెం అటు జరిగితే ఒక కాగితం తగ్గొచ్చు, పెరగనూ వచ్చు. లైసెన్స్ అప్లికేషన్‌తో మామూలు మాటల్లో రాసిన సారాంశం కూడా ఇవ్వాలి, ఇంగ్లిష్‌తో పాటు అక్కడి భాషలో. అనువాదానికి డబ్బు ఇవ్వాలి కదా, ఎంతమంది బడ్జెట్‌లో ఆ లైన్ వేస్తారు అనుకుంటున్నారు? వేసినవాళ్లని కమిటీ గుర్తుపడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఊళ్లోవాళ్లతో మాట్లాడటం ఒక ఎత్తు. అక్కడి హంటర్స్ అండ్ ట్రాపర్స్ ఆర్గనైజేషన్, హెచ్‌టీఓ అంటారు, వాళ్లకి అప్లికేషన్ రాయకముందే ఉత్తరం రాయండి. గ్రాంట్ వచ్చాక, టికెట్లు బుక్ చేశాక, "మేం ఫలానా తేదీన వస్తున్నాం, మద్దతు లేఖ ఇవ్వండి" అని రాస్తారు జనం. ముహూర్తం పెట్టుకుని పిల్లని అడిగినట్టు ఉంటుంది అది. ఇన్యుయిట్‌ల జాతీయ సంస్థ ఇన్యుయిట్ తపిరీట్ కనటామి 2018లో రీసెర్చ్ మీద ఒక జాతీయ వ్యూహం ప్రకటించింది, నిధులు ఇచ్చేవాళ్లూ ఇప్పుడు దాన్ని పట్టించుకుంటున్నారు. ఎవరి నేల మీద పరిశోధనో వాళ్లకి అందులో నిర్ణయాధికారం ఉండాలి, డేటా వాళ్లకి అందుబాటులో ఉండాలి అన్నది అందులో ముఖ్యమైన సంగతి. అప్లై చేసేముందు ఒకసారి పూర్తిగా చదవండి, అందులోంచి నాలుగు వాక్యాలు ఎత్తి ప్రపోజల్‌లో అతికించడం కోసం కాదు.

సిరంజి:

నాది వేరే గోల. మీ పరికరాల లైన్ గురించి.

పోర్టబుల్ మీథేన్ అనలైజర్ తీసుకెళ్దామనుకుంటున్నారా? అయితే ఆలోచించండి. అనలైజర్‌తో లిథియం బ్యాటరీ వస్తుంది, క్యాలిబ్రేషన్‌కి గ్యాస్ సిలిండర్ కావాలి, రెండూ విమానంలో ప్రమాదకర సరుకు కింద లెక్క, కాగితాలు వేరే, ప్యాకింగ్ వేరే, ఒక్కోసారి మీరు చేరాక వారానికి గానీ సిలిండర్ చేరదు. నునావుట్‌లో ఉన్న 25 ఊళ్లలో ఏ ఊరికీ బయటి నుంచి రోడ్డు లేదు, ఇంకో ఊరి నుంచి కూడా లేదు. ఓడ వేసవిలోనే వస్తుంది, అది కూడా మీ ఫీల్డ్ సీజన్ అయిపోవచ్చేసరికి. కాబట్టి మర్చిపోయిన స్పానర్ కూడా విమానంలోనే రావాలి.

పీహెచ్‌డీ మొదటి ఫీల్డ్ సీజన్‌కి తేలే చాంబర్ (గ్యాస్ పట్టే డబ్బా), సిరంజి, రబ్బరు మూత ఉన్న చిన్న గాజు సీసాలు, అంటే వయల్స్, చాలు. చాంబర్ నీటి మీద పెట్టి నిర్ణీత వ్యవధుల్లో సిరంజితో గ్యాస్ లాగి వయల్‌లోకి ఎక్కించి, తిరిగొచ్చాక ల్యాబ్‌లో క్రొమటోగ్రాఫ్ (గ్యాసుల్ని విడదీసి కొలిచే యంత్రం) మీద చూసుకోవడమే. బుడగలుగా వచ్చే మీథేన్‌కి నీళ్లలో తలకిందులుగా గరాటు కట్టండి. డేటా పాయింట్లు తగ్గుతాయి, ఒప్పుకుంటా, కానీ మొత్తం సామాను ఒక పెట్టెలో పడుతుంది, కమిటీకి నమ్మకం కుదురుతుంది.

ఉత్తరపుగాలి:

సిరంజి గారితో ఒకచోట విభేదిస్తా. వయల్స్ సరే, కానీ మంచు విరిగే సమయం పట్టుకోవాలంటే కష్టం. చలికాలమంతా మంచు కింద పోగైన మీథేన్ మంచు కరిగినప్పుడు తక్కువ వ్యవధిలో బయటికొచ్చేస్తుంది, అది దాటిపోయాక వెళ్లి కొలిస్తే ఏడాది లెక్కలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. మంచు విరిగేది ప్రతి ఏడూ ఒకే తేదీన కాదు కదా. మంచుగుంట గారి ప్రశ్న ఏడాది మొత్తం గురించా, వేసవి గురించా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

సిరంజి:

వేసవి అని రాసుకుంటే సరిపోతుంది. గట్టు కూలేది కూడా వేసవిలోనే. ఏడాది లెక్క పోస్ట్‌డాక్‌లో చూసుకోవచ్చు 🙂

మంచుగుంట:

అందరికీ చాలా థాంక్స్, ఇన్ని విషయాలు మా ల్యాబ్‌లో ఎవరూ చెప్పలేదు. గుంటలు ఊరికి దగ్గర్లోనే, ఏటీవీ (రోడ్డు లేనిచోట నడిపే నాలుగు చక్రాల బండి) మీద వెళ్లొచ్చు అని ఇంతకుముందు శాంపిల్స్ తెచ్చినవాళ్లు చెప్పారు, కాబట్టి హెలికాప్టర్ ఆశ వదిలేశాను. వేసవికే పరిమితమవుతాను, వయల్స్‌తోనే వెళ్తాను. బడ్జెట్ మళ్లీ రాశాను, ఒక లైన్ చూసి చెప్పండి:

"ప్రయాణం: ఎడ్మంటన్ నుంచి యెల్లోనైఫ్ మీదుగా కేంబ్రిడ్జ్ బే, రానుపోను, ఇద్దరికి. అదనపు బ్యాగేజీ ఒక పెట్టె."

హెచ్‌టీఓకి ఉత్తరం కూడా మొదలుపెట్టాను. "మా పరిశోధన వాతావరణ మార్పుపై మీ సమాజానికి ఎంతో ఉపయోగపడుతుంది" అని రాశాను. అసలు ఏటీవీ మీద వెళ్లినప్పుడు ఎలుగుబంట్లు రాకుండా కాపలాకి ఎవరైనా మనిషిని పెట్టుకోవాలా, లేక ఇద్దరం ఉన్నాం కదా సరిపోతుందా?

లైసెన్స్‌వచ్చిందా:

పెట్టుకోవాలి. మీ ఇద్దరూ వంగి సిరంజి చూసుకుంటూ ఉంటే చుట్టూ చూసేదెవరు? అక్కడి మనిషిని వైల్డ్‌లైఫ్ మానిటర్‌గా రోజు కూలీకి పెట్టుకోండి, ఏటీవీ కూడా వాళ్ల దగ్గరే అద్దెకి తీసుకునే వీలుంటే అడగండి. రేటు మీరు ఊహించకండి, హెచ్‌టీఓనే అడగండి, వాళ్లు చెప్పిందే బడ్జెట్‌లో వెయ్యండి, "హెచ్‌టీఓ చెప్పిన రేటు ప్రకారం" అని పక్కన రాయండి. ఆ మాటతో మీరు వాళ్లతో మాట్లాడారని చెప్పకనే తెలుస్తుంది. అలాగే పొగమంచుకి విమానాలు ఆగిపోయే రోజులుంటాయి, అటూ ఇటూ అదనపు రోజులకి వసతి, మానిటర్ కూలీ రెండూ లెక్కెయ్యండి. అది వృథా ఖర్చు అని ఎవరూ అనరు, లేకపోతేనే అడుగుతారు.

ఉత్తరంలో "ఎంతో ఉపయోగపడుతుంది" కొట్టేయండి. వాళ్లకి ఏం ఉపయోగమో మీకింకా తెలీదు. మీరెవరు, ఏ గుంటల దగ్గరికి, ఏ నెలలో, ఎంతమంది వస్తారు, నీళ్లలో ఏం పెడతారు, వెళ్లేటప్పుడు ఏం వదిలేసి వెళ్తారు (ఏమీ వదలం అని స్పష్టంగా రాయండి), ఆ చోటుని ఎవరైనా వేటకో చేపలకో వాడుతుంటే మార్చుకుంటాం, ఫలితాలు ఏ రూపంలో కావాలో చెప్పండి, ఇంతే. ఒక పేజీ దాటనివ్వకండి. జవాబు రాకపోతే ఫోన్ చెయ్యండి, వేటకెళ్లే సీజన్‌లో ఆఫీసులో మనుషులు ఉండకపోవచ్చు.

సిరంజి:

ప్రయాణం లైన్‌లో "ఒక పెట్టె" అనకండి, కిలోలు రాయండి. ఇంట్లో బరువు తూచే మిషన్ మీద ఖాళీ చాంబర్లు, వయల్ ట్రేలు, వేడర్లు (నీళ్లలో దిగడానికి తొడుక్కునే బూట్ల ప్యాంట్లు) అన్నీ పెట్టి తూచండి, వేడర్లే అనుకున్నదానికంటే ఎక్కువ తూగుతాయి. తిరుగు ప్రయాణంలో నీటి శాంపిల్స్ కూడా ఉంటాయి కాబట్టి వచ్చేటప్పటి బరువు వేరేగా వెయ్యండి. శాంపిల్స్ పాడవకుండా ఏ రసాయనం వాడతారో అది ప్రమాదకర సరుకు కిందికి వస్తుందేమో ఎయిర్‌లైన్‌ని ఇప్పుడే అడగండి.

ఉత్తరపుగాలి:

ఇంకొక్కటి. నునావుట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏ ఏడు ఎవరెవరు ఎక్కడ ఏం పని చేశారో సంకలనాలు వేశారు. కేంబ్రిడ్జ్ బే దగ్గర నీళ్ల మీద పనిచేసినవాళ్లు అందులో దొరుకుతారు, వాళ్లకి మెయిల్ పెట్టి వచ్చే వేసవికి వెళ్తున్నారా అని అడగండి. వెళ్తుంటే ఏటీవీ, మానిటర్ ఖర్చు కలిసి పంచుకోవచ్చు, బడ్జెట్ చాలా దిగుతుంది. మీ యూనివర్సిటీ లోపలి గడువు ఎప్పుడో కనుక్కున్నారా?

మంచుగుంట:

ఇప్పుడే మెయిల్ పెట్టాను, గ్రాడ్యుయేట్ ఆఫీసుకి. వేడర్లు తూచాను. నిజమే, చాంబర్ల కంటే అవే బరువు.