చిత్తూరులో మా పరపతి సంఘానికి కౌంటరు తీసేయవచ్చా?

నమస్కారం. చిత్తూరులో మాది చిన్న సహకార పరపతి సంఘం. 1,100 చదరపు అడుగుల అద్దె హాలు, ఇనుప ఊచల కౌంటరు, గోడవారగా ఒక చెక్క బెంచీ. లోపలి భాగాన్ని మార్చాలని పాలకవర్గం తీర్మానించింది.

డిజైనరు గీసి తెచ్చిన బొమ్మల్లో పొడవాటి కౌంటరే లేదు. అమెరికా క్రెడిట్ యూనియన్లలో (అక్కడి పరపతి సంఘాల్లో) మాదిరిగా విడివిడి బల్లలు, ఉద్యోగీ సభ్యుడూ పక్కపక్కన నిలబడి ఒకే కంప్యూటరు తెర చూడటం, మూలన కాఫీ యంత్రం. ముచ్చటగానే ఉంది. కానీ మా దగ్గరికి వచ్చేది తోతాపురి మామిడి రైతులు, పాడి పశువులున్న మహిళలు. అప్పు ఎంతో పక్కవారి చెవిన పడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తాకట్టు నగలు తూకం వేసేటప్పుడైతే చెప్పనక్కరలేదు. పైగా అక్కడ బల్లల పక్కనే నోట్లు తీసుకుని, లెక్కపెట్టి, తిరిగి ఇచ్చే యంత్రాలుంటాయి. మాకు అంత స్తోమత లేదు.

నగదుకు ఒక్క గదిని మాత్రం అద్దాలతో మూసి, మిగతాది తెరిచి ఉంచిన వారెవరైనా ఉన్నారా? మాటలు బయటికి వినబడకుండా ఏం చేశారు? నున్నటి టైల్స్ వేస్తామంటున్నారు, వానాకాలంలో పెద్దవాళ్లు జారిపడరా?

ఇంకొకటి. గుమ్మం 16 అంగుళాల ఎత్తులో ఉంది. చక్రాల కుర్చీకి 1:12 వాలు (అంగుళం ఎత్తుకు 12 అంగుళాల పొడవు) లెక్కన ర్యాంపు 16 అడుగులు కావాలి, అంటే రోడ్డు మీదికి వస్తుంది. మలుపు తిప్పి కట్టినవారు కొలతలు చెప్పగలరా?

ఊచలు తీస్తే డిపాజిట్లూ తీసేస్తామని ఇద్దరు పెద్దలు ఇప్పటికే అన్నారు. సగం వేళాకోళమే అనుకుంటున్నాను.